గజ్వేల్ వైపు ఫామ్ ప్లాట్ల సైట్ విజిట్: బండికి మార్కులు వేస్తా, భూమికి వేయను

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి రెండు. ఆ రెండూ డ్రైవరన్నకీ, మధ్యాహ్నం పెట్టిన భోజనానికీ. మిగతాదానికి మార్కులు వేయాలంటే సున్నా కింద ఏముంటుందో చూడాలి.

ఈ ఫామ్ ప్లాట్లు అమ్మే కంపెనీ పేరు రాయట్లేదు. మేం కట్టిన టోకెన్ (బుకింగ్ అడ్వాన్సు) డబ్బుల్లో కొంత ఇంకా వాళ్ల దగ్గరే ఉంది, అదొకటి. పైగా శామీర్‌పేట దాటాక రాజీవ్ రహదారి పొడుగునా ఉన్న హోర్డింగులు చూశారుగా, వాటిలో చాలామంది ఇదే పద్ధతిలో అమ్ముతున్నారు, పేరు మారుతుందేమో గానీ మాటలు మారవు. కాబట్టి "ఆదివారం ఫ్రీ సైట్ విజిట్, ఇంటి దగ్గరే పికప్" అని మీకు ఫోన్ వస్తే ఇది చదివి బండెక్కండి.

మా ఆయన పనిచేసేది తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో. నేను ఇంట్లో కూర్చునే నాలుగైదు షాపుల అకౌంట్స్ చూస్తాను. ఉండేది అల్వాల్‌లో, అద్దెకి, మూడో అంతస్తు, లిఫ్ట్ ఉంది గానీ ఉన్నట్టు కాదు. ఊళ్లో ఓ అరెకరం, అందులో చిన్న ఇల్లు, పెరట్లో కూరగాయలు, కుదిరితే ఒక ఆవు, ఇదీ మా ఇద్దరి కోరిక. పెళ్లయినప్పటి నుంచి ఉన్నదే, కడుపు పండాక దానికి కాళ్లొచ్చాయి. నాకు ఐదో నెల దాటాక, బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నాక, డాక్టరమ్మ "కుదుపులు తక్కువ ఉండే దారైతే వెళ్లి రావచ్చు, గంటకోసారి దిగి నడవాలి" అన్నాక మొదలుపెట్టాం వెతకడం.

బాగున్నవి చెప్తా. బండి సరిగ్గా చెప్పిన టైముకి వచ్చింది, ఏసీ పనిచేసింది. నన్ను చూడగానే డ్రైవరన్న "అక్కా, మీరు ముందు సీట్లో కూసోండ్రి, ఎనక ఎగిరేస్తది" అని తనే సీటు వెనక్కి జరిపి, స్పీడ్ బ్రేకర్ కనిపించిన ప్రతిచోటా నడిచినట్టే పోనిచ్చాడు. అడగకుండానే రెండుచోట్ల పెట్రోల్ బంకుల దగ్గర ఆపాడు. కడుపుతో ఉన్నవాళ్లకి దీని విలువ తెలుస్తుంది, ఎందుకంటే సైటు దగ్గర వాళ్లు "వాష్‌రూమ్ ఉంది మేడం" అని చూపించింది కంటైనర్ ఆఫీసు వెనక నీళ్లు రాని ఒక డబ్బా. మామిడికాయ పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు, అరటాకులో పెట్టారు. ఇంత రుచిగా వండిన ఆ వంటమనిషి ఎవరోగానీ ఆమె వేరే చోట పనిచేయాల్సిన మనిషి.

ఇక సైటు. పెద్ద ఆర్చి, లోపల సిమెంటు రోడ్డు, రెండు వైపులా ఈతచెట్లలాంటి అలంకారపు చెట్లు, ముక్కలు ముక్కలుగా కడీలు పాతి ఫెన్సింగ్. "అయిదు గుంటలు తీసుకుంటే అందులో ఎర్రచందనం మొక్కలు మేమే పెట్టి మూడేళ్లు మేమే చూస్తాం, పదిహేనేళ్లకి మీ పాప ఇంజనీరింగ్ ఫీజు చెట్లే కడతాయి" అన్నాడు సేల్స్ కుర్రాడు. పాపో బాబో నాకే తెలీదు, అతనికి మాత్రం ఫీజు కూడా తెలిసిపోయింది! దగ్గర్లో ట్రిపుల్ ఆర్ (రీజనల్ రింగు రోడ్డు) ఎగ్జిట్, సిద్దిపేట రైలు, ములుగు హార్టికల్చర్ యూనివర్సిటీ, కొండపోచమ్మ సాగర్, ఇవన్నీ ఒక లామినేషన్ మ్యాపు మీద నక్షత్రాలు పెట్టి చూపించాడు. నా పొట్ట వైపు చూసి చివరి అస్త్రం తీశాడు: "వర్గల్ సరస్వతమ్మ గుడి ఇక్కడికి పావుగంట మేడం, అక్షరాభ్యాసానికి అందరూ ఎక్కడెక్కడి నుంచో వస్తారు, మీకు పక్కూరే."

ఇవన్నీ నిజమే, కాదనను. సిద్దిపేటకి 2023 అక్టోబరు నుంచి రైలు తిరుగుతోంది, రీజనల్ రింగు రోడ్డు ఉత్తర భాగం తూప్రాన్, గజ్వేల్ మీదుగానే ప్లాన్‌లో ఉంది, కొండపోచమ్మ సాగర్ 15 టీఎంసీల రిజర్వాయరు. కానీ అవి ఉన్నందుకు రేటు మన దగ్గర తీసుకుని, వాటితో ఏ సంబంధమూ లేని ముక్క చేతిలో పెడుతున్నారు.

ఇక్కడ లెక్క ఒకటి వేసుకోండి. గుంట అంటే 121 గజాలు, 40 గుంటలు ఒక ఎకరం. మాకు చెప్పిన రేటు గుంట 6 లక్షలు. చిన్న అంకె చెప్తారు కాబట్టి చెవికి ఇంపుగానే ఉంటుంది, నలభైతో గుణిస్తే ఎకరం 2 కోట్ల 40 లక్షలు. అదే ఊరి అవతలి పక్క, రోడ్డుకి కాస్త లోపల, ఒక రైతు తన ఎకరానికి చెప్పిన ధర ఇందులో సగానికి బాగా తక్కువ. రోడ్డు, ఆర్చి, ఫెన్సింగుకి ఖర్చు ఉంటుంది, ఒప్పుకుంటా, కానీ అంత ఉండదు.

దానికంటే ముఖ్యం, అయిదు గుంటల్లో మనం అనుకున్న ఇల్లు కట్టొచ్చా అన్నది. "ఫామ్ హౌస్ వేసుకోవచ్చు మేడం, అందరూ వేసుకుంటున్నారు" అన్నాడు. అందరూ వేసుకోవడం పర్మిషన్ కాదు కదా. వ్యవసాయ భూమిని నాలా కింద, అంటే వ్యవసాయేతర భూమిగా మార్చి, లేఅవుట్‌కి హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) గానీ డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) గానీ అనుమతి తెచ్చి అమ్మితే అది ప్లాటు. అవేవీ లేకుండా పొలాన్ని ముక్కలు చేసి, పాసుపుస్తకం వస్తుంది కదా అని అమ్మేస్తే దాని పేరు ఫామ్ ప్లాటు. 20 గుంటల లోపు ముక్కలు ఇలా కొని ఇబ్బందుల్లో పడొద్దని హైదరాబాద్‌లో చెరువుల, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ కమిషనర్ 2025 మొదట్లోనే హెచ్చరించారు, పేపర్లలో వచ్చింది కూడా. ఆ సంగతి ఎత్తితే కుర్రాడు "అది హైదరాబాద్ చుట్టుపక్కల మేడం, మనది సిద్దిపేట జిల్లా" అన్నాడు. లేఅవుట్ అనుమతి అడిగే చట్టాలు రాష్ట్రం మొత్తానివి, జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోవు. రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులు నమోదు చేసే సంస్థ) నంబరు ఏదంటే "వ్యవసాయ భూమికి రెరా వర్తించదు" అని ఠక్కున చెప్పాడు. మరి వ్యవసాయ భూమైతే బ్రోచరులో క్లబ్ హౌసు, ఈత కొలను ఎందుకు వేశారో అడిగితే మంచినీళ్ల బాటిల్ ఇచ్చాడు.

సర్వే నంబరు కోసం మాత్రం మా ఆయన పట్టు వదల్లేదు. మొదట "ఆఫీసులో ఇస్తాం" అన్నారు, తర్వాత "టోకెన్ కట్టాక ఇస్తాం" అన్నారు. చివరికి రసీదు మీద "కాగితాలు నచ్చకపోతే పూర్తిగా వాపసు" అని రాయించుకుని టోకెన్ కట్టాకే నంబరు చేతికొచ్చింది. ఇంటికొచ్చి ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూ భారతిలో కొడితే (2025 ఏప్రిల్ 14న ధరణి బదులు వచ్చింది కదా, అదే) జిల్లా, మండలం, ఊరు, సర్వే నంబరు ఇచ్చేసరికి పట్టాదారు పేర్లు, విస్తీర్ణం అన్నీ వచ్చేశాయి. ఫోన్లో కూడా తెరుచుకుంటుంది, పైసా ఖర్చు లేదు, సాయంత్రం పూట కాస్త మొండికేస్తుంది అంతే. నిషేధిత భూముల (రిజిస్ట్రేషన్ చేయకూడనివి) జాబితా కూడా అక్కడే చూడొచ్చు. వీళ్లు చూపించిన దాంట్లో ముందు భాగం శుభ్రంగానే ఉంది. వెనక ఆనుకుని ఉన్న బై నంబరు (సర్వే నంబరులో విడదీసిన భాగం), సరిగ్గా మాకు "కార్నర్ బిట్, గార్డెన్ వ్యూ" అని చూపించిన వైపు, నిషేధిత జాబితాలో కనిపించింది. తహసీల్దారు ఆఫీసులో పాత పహాణీలు (ఊరి భూమి రికార్డులు) తీయిస్తే లావణి పట్టా అని తేలింది. అంటే ప్రభుత్వం భూమి లేని పేదలకి ఇచ్చిన భూమి. 1977 నాటి చట్టం ప్రకారం దాన్ని అమ్మడమే కుదరదు, కొన్నవాళ్ల దగ్గర నుంచి వెనక్కి తీసుకోవచ్చు కూడా. కుర్రాడికి ఫోన్ చేసి చెప్తే "ఆ బిట్టు కాదు మేడం, పక్క బిట్టు ఇస్తాం" అన్నాడు, కూరగాయల కొట్టులో పుచ్చు వంకాయ మార్చి ఇచ్చినంత తేలిగ్గా.

కాగితాల సంగతి లాయరు చూసుకుంటాడు, ఎవరో ఒకరు చెప్తారు. కడుపుతో ఉన్న మనిషిగా నేను ఎక్కువ రాయాలనుకున్నది నీళ్ల గురించి, దీని గురించి ఎవరూ చెప్పరు.

సైటులో బోరు వేసి చూపించారు, మోటారు ఆన్ చేయగానే నీళ్లు ఎగిరి పడ్డాయి, వచ్చినవాళ్లు వీడియోలు తీసుకున్నారు. నేను దోసిట్లో పట్టి చూశా, తేటగానే ఉన్నాయి, రుచి కూడా ఫరవాలేదు. అయితే గాలి మళ్లినప్పుడు ఒక వాసన వచ్చింది. ఆ నెలల్లో నా ముక్కు ఎలా ఉండేదంటే కింది అంతస్తులో తాలింపు వేస్తే అందులో ఇంగువ ఎక్కువైందో లేదో చెప్పేదాన్ని. కంచె అవతల సుబాబుల్ చెట్ల వెనక వరసగా రేకుల షెడ్లు, కోళ్ల ఫారాలు. ఈ పక్కంతా కోళ్ల ఫారాలు ఎక్కువే, అది తప్పు కాదు, ఎవరి బతుకుదెరువు వాళ్లది. కానీ ఆ పెంట కుప్పలు ఎక్కడ పోస్తారు, వానాకాలంలో ఆ నీళ్లు ఎటు దిగుతాయి అన్నది బోరు తాగేవాళ్లు చూసుకోవాలి కదా. పెంట కుప్పల నుంచి, యూరియా ఎక్కువ వేసిన పొలాల నుంచి నైట్రేట్ భూమిలోకి దిగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. తాగునీటిలో లీటరుకి 45 మిల్లీగ్రాముల దాకానే ఉండాలని మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీళ్లతో ఆరు నెలల లోపు పిల్లలకి డబ్బా పాలు కలిపితే ఒంట్లో రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ నీలం రంగుకి తిరగొచ్చు. మరిగిస్తే పోతుందనుకుంటారు, పోదు, నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో అయితే చాలావరకు తీసేస్తుంది. ఫ్లోరైడ్ సంగతి నల్గొండవాళ్లని చూసి మనందరికీ తెలుసు, 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా.

సీసాలో నీళ్లు పట్టుకుంటానంటే సేల్స్ కుర్రాడు నవ్వాడు, "ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడం" అని. పట్టుకున్నాం. ల్యాబ్ కాగితంలో ఫ్లోరైడ్ బాగానే ఉంది, నైట్రేట్ 45 కంటే బాగా పైన. ఆ కాగితం చూశాకే మా అత్తమ్మ కూడా "వద్దు బిడ్డా" అంది, అప్పటిదాకా ఆమెకి ఆ ఆర్చి తెగ నచ్చింది.

అత్తమ్మ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మా ఇంట్లో పెద్దవాళ్లందరిదీ ఒకటే మాట: కోడలు కడుపుతో ఉంటే ఇల్లు కట్టడం మొదలుపెట్టకూడదు, ముగ్గు పోయకూడదు, గృహప్రవేశం చేయకూడదు. మా ఆయన కొబ్బరికాయ కూడా కొట్టకూడదట. నాకు వీటి మీద పెద్ద పట్టింపు లేదు, అలాగని తొమ్మిదో నెలలో పునాదులు తవ్వుకుంటూ కూర్చునే ఓపికా లేదు, కాబట్టి ఆ ఆచారం నాకు అనుకూలంగానే ఉంది. విషయం ఎలా తెలిసిందోగానీ కంపెనీ నుంచి ఒక పెద్ద మనిషి ఫోన్ చేసి, "అమ్మా, కట్టడానికే దోషం, కొనడానికి లేదు, మా పంతులుగారు ముహూర్తం చూశారు, ఈ గురువారం దాటితే మళ్లీ మూఢం" అన్నాడు. మూఢం లెక్క అత్తమ్మ క్యాలెండరులో చూస్తే దాని ఛాయలు కూడా లేవు. భూమి అమ్మేవాళ్లు పంచాంగం కూడా వాళ్లే రాసుకుంటే ఎలా?

ఆసుపత్రి ఎంత దూరం అని అడిగితే "ఇరవై నిమిషాలు" అన్నారు. ఏ ఆసుపత్రి, ఏ టైములో, ఏ దారిన? గజ్వేల్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, అది మంచి విషయమే. మా డ్రైవరన్నని అడిగితే నిజం చెప్పాడు: "పొద్దున్నయితే ఇరవై అయిదు నిముషాలు అక్కా. రాత్రయితే లోపటి రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు, లైట్లుండవ్, నలభై ఏస్కోండి." వడ్లు కోసే రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లే ఆరబోసి ఉంటాయి, రాళ్లు అడ్డం పెట్టి. 108కి ఫోన్ చేస్తే వస్తుంది, గర్భిణులకీ బాలింతలకీ 102 ఉంది. కానీ ఆ బండి సైటు దాకా రాగలగాలి. ఇక్కడ మెయిన్ రోడ్డు నుంచి ఆర్చి దాకా ఉన్న దారి వాళ్లది కాదట, ఒక రైతు పొలం గట్టు మీద నోటిమాటతో వేసుకున్నదట. నక్షాలో బండ్ల బాట లేదు. ఆ రైతు రేపు కడీ పాతితే అంబులెన్సు కాదు గదా, సైకిల్ కూడా రాదు. ఇది సైటు పక్కనే మేకలు కాస్తున్న పెద్దాయన చెప్పిన ముక్క. బ్రోచరు మొత్తం చదివినా ఇంత పనికొచ్చే వాక్యం ఒక్కటి లేదు.

టోకెన్ గొడవ క్లుప్తంగా: వాపసు అడిగాం, ముందు "మేనేజరు సార్ ఊర్లో లేరు", తర్వాత "అకౌంట్స్‌లో ఉంది", ఆ తర్వాత సైట్ విజిట్ చార్జీలు, డాక్యుమెంట్ చార్జీలు అని కొంత కోసి మిగతాది వేశారు. ఫ్రీ సైట్ విజిట్‌కి చార్జీ ఏంటని అడిగితే కొన్నవాళ్లకే ఫ్రీ అన్నారు. రసీదు మీద రాత ఉంది కాబట్టి లాయరు నోటీసు పంపాం. నోటీసు అందాక ఫోన్లో మర్యాద పెరిగింది, డబ్బు మాత్రం పెరగలేదు.

మరి దొరికిందా అంటే, కొనలేదు, అద్దెకి దొరికింది. మేకల పెద్దాయనే "కొనుడెందుకు బిడ్డా ఇప్పుడే, మా వాడకట్టుల ఇల్లు ఖాళీగుంది, పట్నం పోయిండ్రు" అని పక్క ఊళ్లో తనకి తెలిసినవాళ్ల ఇల్లు చూపించాడు. ఊరి మధ్యలో పెంకుటిల్లు, వెనక పెద్ద పెరడు, రెండు జామచెట్లు, ఒక కరివేపాకు చెట్టు, బాత్రూమ్ ఈ మధ్యే కట్టారు. మిషన్ భగీరథ నల్లా ఉంది, రోజూ వస్తుందా అని పక్కింటి అవ్వని అడిగితే "అస్తది, గని పైపు పగిల్తే రెండ్రోజులు రాదు, డ్రమ్ములు పెట్టుకో" అంది. ఆ నీళ్లు కూడా సీసాలో పట్టి పరీక్ష చేయించాం, అన్నీ లెక్క లోపే ఉన్నాయి. ఆరోగ్య సబ్ సెంటరు నడిచి వెళ్లేంత దూరం. అక్కడి ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) మేడం నా కార్డు చూసి, కాన్పు ఎక్కడ చేయించుకున్నా పర్వాలేదు, ఆరు వారాలకి, పది వారాలకి, పద్నాలుగు వారాలకి టీకాలు ఇక్కడే వేయించుకోవచ్చు అని రాసిచ్చింది. తొలి కాన్పు కాబట్టి ఎలాగూ తల్లిగారింటికే పోతాను. బిడ్డని ఎత్తుకుని వచ్చాక నేరుగా ఆ ఇంటికి. పాలు పొంగించడం అప్పుడే, పెద్దవాళ్లకీ పేచీ లేదు.

అద్దె తక్కువే, రిపేర్లు మావి, రెండేళ్లకి కాగితం రాసుకున్నాం. పెంకులు నాలుగు చోట్ల మార్చాలి, కరెంటు వైరింగు మొత్తం కొత్తగా వేయిస్తున్నాం, తేళ్లు ఉంటాయని అవ్వ ముందే చెప్పింది కాబట్టి గోడల నెర్రెలు సిమెంటుతో పూడ్పిస్తున్నాం. రెండేళ్లు అక్కడే ఉంటే ఏ పొలానికి ఎండాకాలంలో ఎన్ని గంటలు నీళ్లు పోస్తాయో, ఎవరి గట్టు మీద ఎవరికి కేసు ఉందో, ఏ గాలికి ఏ వాసన వస్తుందో కళ్లారా చూస్తాం. ఆ తర్వాత కొనాలనిపిస్తే అరెకరం నేరుగా రైతు దగ్గర కొంటాం, రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వ విలువ మీద ఏడున్నర శాతం కట్టి, సర్వేయరుతో హద్దులు కొలిపించుకుని.

ఈ కంపెనీ ఎవరికి పనికొస్తుందంటే, ఆదివారం పూట ఆ చుట్టుపక్కల ఎలా ఉంటుందో ఒకసారి చూసి రావాలనుకునేవాళ్లకి. మాకు ఆ పెద్దాయన పరిచయమైంది వాళ్ల బండెక్కి వెళ్లబట్టే, అది దాచను. చెక్కు బుక్కు ఇంట్లో పెట్టి వెళ్లండి, ఖాళీ సీసా ఒకటి పట్టుకెళ్లండి, సేల్స్ వాళ్లు భోజనాలు వడ్డించే టైములో కంచె దాటి బయట ఎవరు కనిపిస్తే వాళ్లతో మాట్లాడండి. నిండు నెలలవాళ్లు మాత్రం వెళ్లకండి, ఆ గట్టు దారి మీద డ్రైవరన్న ఎంత మెల్లగా నడిపినా కుదుపు కుదుపే.

అప్‌డేట్: నిన్న మళ్లీ ఫోన్ చేశారు, తూప్రాన్ దగ్గర కొత్త వెంచరు అట, పాత కస్టమర్లకి డిస్కౌంట్ అట. ముందు నా మిగతా టోకెన్ వేయండి అన్నాను. అది వేరే డిపార్ట్‌మెంట్ అన్నారు.